ఫోటోలకు పెట్టిన డబ్బులో చివరకు మిగిలేదేమిటి?



పెండ్లి కుదిరిన ఇంట్లో కాగితం, కలం తీసుకొని ఖర్చులు వ్రాసేటప్పుడు బట్టలు, భోజనాలు, హాలు అద్దె, శుభలేఖలు ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. ఫోటోల ఖర్చు ఒకప్పుడు ఆ జాబితాలో చిట్టచివరన ఉండేది. ఆ రోజుల్లో ఒక రీలుకు 36 బొమ్మలే పడేవి. రీలు కొనాలి, కడిగించాలి, ప్రింట్లు వేయించాలి. ప్రతిదానికీ డబ్బే గనుక ఫోటోగ్రాఫరు ఆలోచించి మీట నొక్కేవాడు. ఈనాడు ఎన్నిసార్లు నొక్కినా రీలు ఖర్చు లేదు. అయినా ఫోటోల ఖర్చు జాబితాలో పైపైకి ప్రాకుతూనే ఉంది. దానికోసం అప్పు చేసే కుటుంబాలు కూడా ఉన్నాయి.

అందుచేత ఈ నెల ఫోటోల సంగతి మాట్లాడుకొందాం. ఖర్చే పెట్టవద్దని చెప్పబోవడం లేదు. పెట్టిన రూపాయికి తగిన విలువ చేతికి రావాలి. దానిని కొలవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఇరవై ఏండ్ల తరువాత ఇందులో మన ఇంట్లో ఏమి మిగులుతుంది?

ముందు ఇంటివారి జాబితా

ఇంట్లో పెద్దవారెవరైనా కన్నుమూసినప్పుడు ఏమి జరుగుతుందో మీరు చూసే ఉంటారు. జ్ఞాపకార్థ కూడిక పత్రిక మీద వేయడానికి, ఫ్రేము కట్టించడానికి ఒక మంచి ఫోటో కావాలి. పిల్లలందరి ఫోనుల్లో కలిపి వేల ఫోటోలు ఉంటాయి. వెదకగా వెదకగా ఎవరి పెండ్లిలోనో మూడో వరుసలో నిలబడిన అమ్మ ముఖం దొరుకుతుంది. దానిని కత్తిరించి పెద్దది చేస్తే మసకబారిపోతుంది. ఆ పెండ్లికి డ్రోనుకూ, క్రేనుకూ వేలకు వేలు కట్టి ఉంటారు. అమ్మను ఒక్క నిమిషం కుర్చీలో కూర్చోబెట్టి విడిగా ఒక ఫోటో తీయించాలని మాత్రం ఆ హడావుడిలో ఎవరికీ తోచదు. దానికి అదనంగా ఒక్క రూపాయి కూడా అయ్యేది కాదు.

కనుక ఫోటోగ్రాఫరును మాట్లాడకముందే తప్పక తీయవలసిన ఫోటోల జాబితా ఇంట్లో కూర్చొని వ్రాయండి. తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ విడివిడిగా, పెద్దలు జంటలుగా, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు అందరూ కలిసి, దూరప్రాంతాల నుండి వచ్చినవారు. జాబితా ఒక పేజీ దాటనివ్వవద్దు. ఇంటి మనుషులందరినీ గుర్తుపట్టగల మేనమామనో, బాబాయినో ఆ రోజు ఫోటోగ్రాఫరు ప్రక్కన ఉంచండి. బయటినుండి వచ్చినవానికి మన నాయనమ్మ ఎవరో, ప్రక్కింటి అవ్వ ఎవరో ఎలా తెలుస్తుంది?

ప్యాకేజీని విడదీసి చూడండి

స్టూడియోకు వెళ్ళగానే ప్యాకేజీ పేరుతో ఒక మొత్తం చెబుతారు. అందులో మామూలు ఫోటోలు, కాండిడ్ ఫోటోలు, మామూలు వీడియో, సినిమాటిక్ వీడియో, డ్రోను, ఎల్‌ఈడీ తెరలు, ప్రీ వెడ్డింగ్ షూటు, ఆల్బమ్‌లు అన్నీ ఒకే మూటగా ఉంటాయి. ఆ మూట విప్పించండి. ఒక్కొక్కదానికి విడిగా ధర వ్రాసి ఇమ్మనండి. అప్పుడు ఇందాకటి ప్రశ్న వేయండి. ఎల్‌ఈడీ తెర సాయంత్రానికి లారీ ఎక్కి వెళ్ళిపోతుంది. వెయ్యిమంది కూర్చునే సభలో వెనుకవారికి అది అవసరమే గాని, రెండు వందలమంది పట్టే మందిరంలో దాని పని తక్కువ. డ్రోనుతో పైనుండి తీసిన దృశ్యం వీడియోలో అర నిమిషం ఉంటుంది. పైగా 2021 నాటి డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు మించిన డ్రోనును వ్యాపారానికి ఎగురవేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ కాగితం చూపించగలరా అని అడగడంలో తప్పు లేదు.

చాలామంది అడగడం మరచిపోయేది ధ్వని సంగతి. పెండ్లి ప్రమాణాలు, పెద్దల ఆశీర్వాదపు మాటలు వీడియోలో స్పష్టంగా వినబడాలంటే వరుడి కోటుకు చిన్న మైకు పెట్టాలి, లేదా మందిరపు సౌండు పెట్టె నుండి నేరుగా ధ్వనిని తీసుకోవాలి. దీనికి అయ్యే ఖర్చు డ్రోను ఖర్చులో కొద్ది భాగమే. ఇరవై ఏండ్ల తరువాత తాతయ్య గొంతు వినబడుతుంటే ఆ వీడియో విలువ మీకే తెలుస్తుంది. కువైటులోనో దోహాలోనో ఉండి సెలవు దొరకని అన్నదమ్ములకు ఇంటర్నెట్టులో చూపించాలన్నా ఇదే మాట. స్టాండు మీద కదలకుండా నిలిపిన ఒక మంచి ఫోను, మంచి ధ్వని ఉంటే చాలావరకు సరిపోతుంది.

ఆల్బమ్ విషయంలో జాగ్రత్త. మన ప్రాంతంలో కరిజ్మా అని పిలిచే ఆల్బమ్‌లో ఒక షీటు తరచుగా 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉంటుంది. అది తెరిచినప్పుడు రెండు పేజీలు. స్టూడియోవారు 40 అన్నప్పుడు షీట్లా, పేజీలా అని అడగండి. 40 పేజీలంటే 20 షీట్లే. అదనపు షీటు ధర కూడా ముందే తెలుసుకోండి. ఒక షీటుకు 400 రూపాయలు అనుకొందాం. ఫోటోలు ఎంచేటప్పుడు ఏదీ వదలబుద్ధి కాక 15 షీట్లు పెరిగాయి. పెండ్లికొడుకువారికి ఒకటి, పెండ్లికూతురువారికి ఒకటి, రెండు ఆల్బమ్‌లు. 15ను 400తో, మరల 2తో హెచ్చిస్తే 12,000 రూపాయలు. ఈ మొత్తం మొదటి మాటల్లో ఎక్కడా వినిపించలేదు! షీటుకు సగటున ఆరు ఫోటోలు వేసినా 40 షీట్లలో 240 ఫోటోలు పడతాయి. తీరికగా కూర్చొని చూసేవారికి అవి చాలు.

ఇంకొక మాట. స్టూడియోలో చూపించేది వారి అన్ని పెండ్లిండ్లలోనుండి ఏరిన మంచి ఫోటోలు. వాటిని చూసి నిర్ణయించవద్దు. ఈమధ్య చేసిన ఒక పెండ్లి ఆల్బమ్ మొదటినుండి చివరివరకు చూపించమనండి. అందులో భోజనాల పంక్తి, గుంపు ఫోటోలు, వెలుతురు తక్కువైన చోట తీసినవి ఎలా ఉన్నాయో చూడండి. మన మందిరాల్లో చాలాచోట్ల కిటికీలోనుండి వెనుకగా వెలుగు పడి ముఖాలు నల్లబడతాయి. అటువంటి చోట బాగా తీసినవాడే పనివాడు. మీ పెండ్లికి వచ్చేది మీతో మాట్లాడిన మనిషేనా, వేరొకరా అన్నది కూడా అడగండి. ఫోటోగ్రాఫరును ముందుగానే పాస్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళి ఎక్కడ నిలబడవచ్చో, ఎప్పుడు కదలకూడదో చెప్పించండి. ప్రమాణాల సమయంలో నలుగురు కెమేరాలతో అడ్డు నిలిస్తే వచ్చినవారికి వధూవరులు కనబడరు.

మాట కాగితం మీద ఉండాలి

నోటిమాట మీద నమ్మకం మంచిదే గాని, ఆరు నెలల తరువాత ఇరువురిలో ఎవరి జ్ఞాపకం నిజమో తేల్చేది కాగితమే. పెద్ద దస్తావేజు అక్కరలేదు. తేదీ, సమయం, ఎంతమంది వస్తారు, ఏయే పనులు, ఎన్ని షీట్లు, అదనపు షీటు ధర, అడ్వాన్సు, మిగతా వాయిదాలు, ఆల్బమ్ ఇచ్చే గడువు ఒక పేజీలో వ్రాసి ఇద్దరూ సంతకం చేయండి. డబ్బు మొత్తం ముందే ఇవ్వవద్దు. చివరి వాయిదా ఆల్బమ్, ఫైళ్ళు చేతికి వచ్చినప్పుడు ఇచ్చేటట్లు ఒప్పుకోండి.

ఆ కాగితంలో తప్పక ఉండవలసిన వాక్యం ఒకటుంది: ఎంపిక చేసినవే గాక తీసిన ఫోటోలన్నీ పూర్తి సైజులో, హార్డ్ డిస్కు మీద ఇవ్వాలి. ఈ సంగతిలో చట్టం మన వైపు ఉన్నదని చాలామందికి తెలియదు. 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, ఒకరు డబ్బిచ్చి అడిగి తీయించుకొన్న ఫోటోకు, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, తీయించుకొన్నవారే మొదటి హక్కుదారులు. అయితే ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న మాట గమనించండి. స్టూడియోవారి అచ్చు కాగితంలో చిన్న అక్షరాలతో హక్కులన్నీ తమవేనని ఉంటే, సంతకం చేసిన మీదట మనకు చెప్పడానికి ఏమీ ఉండదు. చదివి సంతకం చేయండి. మన ఆడపిల్లల ఫోటోలను వారి ప్రచారానికి ఇంటర్నెట్టులో పెట్టాలంటే ముందుగా మన అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకోవాలని కూడా చేర్చండి.

బిల్లు మీద జీఎస్టీ కలిపితే, 15 అక్షరాల జీఎస్టీ నంబరు దానిపై ఉండాలి. తెలంగాణవారిది 36తో, ఆంధ్రప్రదేశ్‌వారిది 37తో మొదలవుతుంది. ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్న చిన్న స్టూడియోలు సాధారణంగా రిజిస్టరు చేయించుకోనక్కరలేదు. రిజిస్టరు కానివారు పన్ను వసూలు చేయకూడదు.

ఆల్బమ్ రాకపోయినా, ఫోటోలు పోగొట్టినా ఏమి చేయాలి? మొదట మర్యాదగా అడగండి, తరువాత వ్రాతపూర్వకంగా అడగండి. అప్పటికీ కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోని కమిషనులోనే రెండేండ్ల లోపు ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రసీదులు, ఒప్పందం కాగితం భద్రంగా ఉంచినవారికే ఈ దారి సులువు.

బేరం ఎంతవరకు?

ఇంత చెప్పిన తరువాత అవతలివైపు కూడా ఒక మాట చెప్పాలి. ఫోటోగ్రాఫరు మన ఇంటికి వచ్చేది ఒక రోజో, రెండు రోజులో గాని, ఆ తరువాత ఫోటోలు ఏరడం, రంగులు సరిచేయడం, ఆల్బమ్ కూర్చడం వారాల పని. సహాయకుల కూలి, కెమేరా కొన్న అప్పు, ప్రింటింగు ల్యాబు బిల్లు అన్నీ ఆ డబ్బులోనే. బేరమాడి మరీ క్రిందికి దించితే ఆయన ఎక్కడో ఒకచోట కోత వేయక తప్పదు. అనుభవమున్నవాని బదులు నేర్చుకొనే కుర్రవాడు వస్తాడు, లేదా ఆల్బమ్ కాగితం పలుచబడుతుంది. మనకు అక్కరలేని అంశాలు తీసివేసి మొత్తం తగ్గించుకోవడం సరియైన పద్ధతి. ఉంచుకొన్న పనికి తగిన ధర ఇవ్వండి. ఆల్బమ్‌లు ఆలస్యం కావడానికి చాలాసార్లు కారణం మనమే. ఫోటోలు ఎంచి ఇవ్వడానికి నెలలు తీసుకొని, తరువాత తొందరపెడతాం. పదిహేను రోజుల్లో ఎంచి ఇస్తామని మన గడువు కూడా ఆ కాగితం మీద వ్రాయండి. నలుగురు కూర్చుంటే తెమలదు. ఇరువైపులా ఒక్కొక్కరికి ఆ పని అప్పగించండి.

ఇంటికి కెమేరా కొనాలా?

పిల్లలు అడుగుతున్నారని కెమేరా కొనబోయే తల్లిదండ్రులు ముందు ఒక చిన్న లెక్క చూడండి. మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 4 అంగుళాలు, 6 అంగుళాల ప్రింటుకు 1200ను 1800తో హెచ్చిస్తే 21 లక్షల 60 వేల చుక్కలు. అంటే సుమారు 2 మెగాపిక్సెల్. గోడకు తగిలించే 12, 18 అంగుళాల ఫోటోకు సుమారు 20 మెగాపిక్సెల్ చాలు. దుకాణంలో వంద, రెండు వందలు అని చెబితే ఆ అంకెకు మురిసిపోనక్కరలేదు. పగటి వెలుతురులో తీసే ఇంటి ఫోటోలకు ఇప్పుడున్న ఓ మోస్తరు ఫోను సరిపోతుంది. జేబులో గుడ్డతో లెన్సు తుడిచి, కిటికీ వైపు ముఖం పెట్టించి తీస్తే సగం సమస్యలు తీరతాయి.

వెలుతురు తక్కువైన చోట, దూరం నుండి తీయవలసిన చోట కెమేరా అవసరం కనబడుతుంది. అప్పుడు కూడా డబ్బును కెమేరా పెట్టె మీద కంటే లెన్సు మీద పెట్టడం లాభం. కెమేరాతోపాటు వచ్చే చిన్న జూమ్ లెన్సు దగ్గరకు లాగినప్పుడు ఎఫ్ 5.6 వరకే తెరుచుకొంటుంది. 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు అన్ని కంపెనీలలోనూ చవకైన రకాలలో ఒకటి. అది తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది. మసక వెలుతురు మందిరంలో ఫ్లాషు లేకుండా తీయగలిగేది దానితోనే. కెమేరాలు ఏడాదికొక కొత్త రకం వస్తాయి. మంచి లెన్సు పదేండ్లు, పదిహేనేండ్లు పనిచేస్తుంది.

పాతది కొనేవారు మూడు సంగతులు చూడాలి. ఒకటి, షట్టరు ఎన్నిసార్లు పడిందో. చిన్న తరగతి డీఎస్‌ఎల్‌ఆర్ కెమేరాలలో దానికి సుమారు లక్షసార్ల ఆయుష్షు లెక్క వేస్తారు. రెండు, లెన్సులోనికి టార్చి వేసి చూడాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి, తేమ ఉన్న ఊళ్ళలో లెన్సు లోపల సాలెగూడులాగా బూజు పడుతుంది. అది కనబడితే ఎంత చవకైనా వదిలివేయండి. మూడు, అసలు బిల్లు మీది నంబరు, కెమేరా అడుగున ఉన్న నంబరు ఒకటేనా అన్నది. కొన్న తరువాత తోలు సంచిలో మూసిపెట్టక, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. ఏడాదికి రెండుసార్లు మాత్రమే వాడేవారు కొననే అక్కరలేదు. హైదరాబాదు, విజయవాడ వంటి పట్టణాలలో కెమేరాలు, లెన్సులు రోజు అద్దెకు దొరుకుతాయి.

దాచుకోకపోతే అంతా వృథా

లక్ష రూపాయల ఫోటోలు ఒకే పెన్‌డ్రైవులో ఉండి, అది పాడైతే ఆ లక్షకు విలువ లేదు. మూడు ప్రతులు ఉంచండి. ఒకటి కంప్యూటరులో, ఒకటి హార్డ్ డిస్కు మీద, ఒకటి వేరే ఊరిలో ఉన్న అక్కయ్య ఇంట్లోనో, ఇంటర్నెట్టులోనో. వరద వచ్చినా, దొంగలు పడినా ఒకటి మిగులుతుంది. గూగుల్ ఫోటోలలో లెక్కలేనన్ని ఉచితంగా దాచే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. ఇప్పుడు ఉచితం 15 జీబీ వరకే. రెండేండ్లపాటు ఎవరూ వాడని ఖాతాను తొలగించవచ్చునన్నది కూడా ఆ సంస్థ నియమం. నాన్నగారు పోయిన తరువాత ఆయన ఫోను ఖాతాలోని ఫోటోలు అలాగే ఉంటాయిలే అనుకోవద్దు. పాస్‌వర్డు తెలిసినవారు ఇంట్లో ఒకరైనా ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోతుంది. అసలు సైజులో కావాలంటే డాక్యుమెంటుగా పంపమనండి.

పాత ప్రింట్లకు లామినేషను చేయించవద్దు. వేడికి అతుక్కొన్న ప్లాస్టిక్కును మళ్ళీ తీయలేం. జిగురు పేజీల పాత ఆల్బమ్‌లు ఫోటోలను పసుపుపచ్చగా మారుస్తాయి. వాటిని మెల్లగా బయటకు తీసి 600 డీపీఐ దగ్గర స్కాను చేయించండి. అతుక్కుపోయినవాటిని లాగకుండా ఆల్బమ్‌తోనే ఫోటో తీయండి. నెగెటివులు దొరికితే పారవేయవద్దు. వాటినుండి ఇప్పటికీ కొత్త ప్రింటు వేయించవచ్చు.

ఈ నెలలో చేయవలసిన పని

ఒక ఆదివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చొని ఫోనుల్లోని వేల ఫోటోలలో నుండి 25 ఎంచండి. అందులో పెద్దవారిని ఒక్కొక్కరిగా చూపే ఫోటో ఒకటి తప్పక ఉండాలి. లేకపోతే రేపు పగటి వెలుతురులో తీయండి. వాటిని మామూలు సైజులో ప్రింటు వేయించండి. అయ్యే ఖర్చు ఒక ఆల్బమ్ షీటుకు అయ్యేదానికి పెద్దగా మించదు. ఒక్కొక్కదాని వెనుక మెత్తని పెన్సిలుతో, గట్టిగా ఒత్తకుండా పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయండి. కాగితం నునుపుగా ఉండి పెన్సిలు పట్టకపోతే చీటీ వ్రాసి ప్రక్కన పెట్టండి.

ఆ పేర్లు ఇప్పుడు మనందరికీ తెలుసు, వ్రాయడమెందుకు అనిపించవచ్చు. మీ ఇంట్లో ఉన్న అన్నిటికంటె పాత ఫోటో ఒకటి తీసి, అందులో నిలబడినవారి పేర్లు వరుసగా చెప్పి చూడండి. చెప్పగలిగిన పెద్దవారు ఇంకా ఉంటే, ఈ పని ఈ ఆదివారమే మొదలుపెట్టండి.